మూడు రాత్రుల నియమం

సోమవారం ఉదయం డరెన్ తన సామాను సర్దుకున్నాడు. టూత్‌బ్రష్, రేజర్, ఫోన్ ఛార్జర్, మంచం కింది చెప్పులు. అన్నీ నీలం సంచిలోకి వెళ్ళిపోయాయి. కుర్చీ మీద మరిచిపోయిన చొక్కా హేలీ విసిరితే గాల్లోనే పట్టుకున్నాడు.

"ఈ ఒక్కటీ ఇక్కడుంటే జైల్లో వేస్తారా ఏంటి?"

"వేస్తారు. నిన్ను కాదు, నన్ను."

నవ్వుతూనే అంది. కానీ చొక్కా మాత్రం ఉంచుకోలేదు.

ఇంగ్లండులోని ఆ చేపల రేవు ఊరు గ్రిమ్స్‌బీలో మూడు రాత్రుల నియమం తెలియనివాళ్ళు లేరు. ప్రభుత్వ భృతి తీసుకునే ఒంటరి ఆడదాని ఇంట్లో మగాడు వారానికి మూడు రాత్రులు ఉండొచ్చు. నాలుగో రాత్రి ఉన్నాడంటే ఇద్దరూ జంట కింద లెక్క, భృతి పోతుంది. బింగో హాల్లో ఇదే మాట. చేపల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇదే మాట. హేలీకి వాళ్ళక్క చెప్పింది, డరెన్‌కి వాళ్ళమ్మ చెప్పింది. మూడేళ్ళుగా ఇద్దరూ దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. శుక్రవారం సాయంత్రం డరెన్ వస్తాడు, సోమవారం పొద్దున్నే పోతాడు. మిగతా రాత్రులు తల్లి ప్యాట్ ఇంట్లో, వెనక గదిలో పడుకుంటాడు.

హేలీకి ముప్పై ఆరేళ్ళు. నరాల జబ్బు ఆమె కాళ్ళను మెల్లమెల్లగా తినేస్తోంది. అద్దె ఇల్లు. పడకగదీ, మరుగుదొడ్డి ఉన్న స్నానాల గదీ పై అంతస్తులో, మెట్లు నిచ్చెనలా నిటారుగా. డరెన్ ఉన్న రాత్రులు ఆమెను వీపు మీద వేసుకుని పైకి చేరుస్తాడు. లేని రాత్రులు ఆమె కిందే, సోఫాలో. పక్కన మూతపెట్టిన బకెట్.

ఇది ఇంకెన్నాళ్ళో కాదు. రైలు గేటు దగ్గర ఒక ఇల్లు దొరికింది. అంతకుముందు అందులో ఉండి చనిపోయిన ముసలాయన చివరి రోజుల్లో వెనకవైపు కిందే స్నానాల గది కట్టించుకున్నాడు. వీధి వాకిలి నుంచి పడక దాకా ఒక్క మెట్టు లేదు. చూడ్డానికి వెళ్ళినరోజు హేలీ చేతికర్ర గోడకి ఆనించి, ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి ఆ గదిలోకి నాలుగైదుసార్లు నడిచింది. ఇల్లు చూపించే కుర్రది ఏమనుకుందో ఏమో, బయటికి వెళ్ళి నిలబడింది.

ముందుగా కట్టాల్సింది డరెన్ ఓవర్‌టైం చేసి కూడబెట్టాడు. మిగతాది బ్యాంకు ఇస్తానంది. డరెన్ జీతం, హేలీకి వచ్చే వికలాంగుల పింఛను, రెండూ కలిపి చూసి ఇద్దరి పేరా లోను ఒప్పుకుంది. ఆ పింఛను ఎవరితో ఉన్నా వస్తుంది. పోయేదల్లా ఒంటరి మనిషిగా తీసుకుంటున్న భృతి. పోతే పోనీ అనుకున్నారు. వచ్చే వారం శుక్రవారం సంతకాలు. సంతకాలయ్యాక అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఎవరూ వెనక్కి తగ్గడానికి లేదు.

"ఇవాళ భృతి ఆఫీసుకి ఫోన్ చేస్తాను," అంది హేలీ. "వచ్చే నెల నుంచి మనం కలిసుంటాం, భృతి ఆపేయమని చెప్తాను. అంతా శుభ్రంగా ఉండాలి."

డరెన్ ఆమె నుదుటి మీద ముద్దుపెట్టి, సంచి భుజాన వేసుకుని ఫ్యాక్టరీకి పోయాడు.

*

మధ్యాహ్నం ప్యాట్ చేపా చిప్స్ పొట్లంతో వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నోరు మాత్రం ఇరవైల్లోనే ఉండిపోయింది.

"తాళాలు చేతికొచ్చేదాకా నోరు మూసుకుని కూర్చో, పిల్లా."

"ఎందుకు మూసుకోవాలి? మనం తప్పేం చేశాం? ఒక్క రాత్రైనా ఎక్కువ ఉన్నాడా?"

ప్యాట్ చిప్ ముక్కని నోటిదాకా తీసుకెళ్ళి ఆగింది. "ఒక్క రాత్రి కూడానా?"

హేలీ టీ కప్పు తిప్పుతూ కూర్చుంది. పోయిన చలికాలం ఆమె కాళ్ళు పూర్తిగా పడిపోయాయి. ఆసుపత్రి నుంచి తెచ్చాక కొన్నాళ్ళు చెంచా కూడా పట్టుకోలేకపోయింది. అప్పుడు డరెన్ ఇక్కడే ఉన్నాడు. వారం కాదు, రెండు వారాలు కాదు. మంచు కరిగేదాకా.

"అది వేరు. నాకు ఒంట్లో బాగాలేదు. దాన్ని కాపురం అంటారా ఎవరైనా?"

"నేననను. నాకేం అధికారం ఉంది?" అని ప్యాట్ ఉప్పు చల్లుకుంది. "నా కొడుకు దుప్పట్లు మూడేళ్ళుగా నేనే ఉతుకుతున్నాను. ఆ ముక్క కూడా చెప్పు వాళ్ళకి. పతకం ఏమైనా ఇస్తారేమో."

హేలీ ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టింది. చాలాసేపు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది. గొంతు చల్లగా, స్నేహంగా ఉంది. హేలీ చెప్పాల్సింది చెప్పింది.

"ఇల్లు కొంటున్నారా? చాలా సంతోషమండీ. వివరాలు మార్చేస్తాను. మీ ఇద్దరి పరిచయం ఎప్పట్నుంచి?"

"మూడేళ్ళు దాటింది," అంది హేలీ. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "కానీ వారానికి మూడు రాత్రులే ఉంటాడు. నియమం ఎప్పుడూ తప్పలేదు మేము."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

"ఏ నియమం అండీ?"

"అదే. మూడు రాత్రుల నియమం."

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి."

మళ్ళీ పాట మొదలైంది. ప్యాట్ తినడం మానేసి, పొట్లం కాగితాన్ని మెల్లగా మడత పెట్టసాగింది.

*

మర్నాడే ఇంకో ఫోన్. ఈసారి మగ గొంతు. పేరు కోల్‌మన్, భృతి ఆఫీసులో విచారణ అధికారి. భృతి ప్రస్తుతానికి నిలిపేశామన్నాడు. వచ్చే బుధవారం ఇద్దరూ రావాలి, విడివిడిగా మాట్లాడతాం, మాటలు రికార్డు అవుతాయి, అవసరమైతే కోర్టులో వాడతాం అన్నాడు. పక్కన ఎవరినైనా తెచ్చుకోవచ్చన్నాడు. అంతా మర్యాదగా, వాతావరణ వార్తలు చదువుతున్నట్టు చెప్పాడు.

లైబ్రరీలో ఒక మూల ఉచిత సలహా కేంద్రం ఉంది. అక్కడ ఫ్రాన్సిస్ అనే ఆవిడ కూర్చుంటుంది. రిటైరైన టీచరు. హేలీ చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అలాంటి నియమం లేదమ్మా."

"ఉంది. అందరూ చెప్తారు."

"అందరూ చెప్తారు. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళలో సగం మంది నాకు అదే చెప్పారు. అది ఎక్కడా లేదు. ఎప్పుడూ లేదు."

"మరి ఎన్ని రాత్రులుండొచ్చు?"

"రాత్రులతో తేలే విషయం కాదిది. మీది ఒక కాపురమా, రెండు కాపురాలా అని చూస్తారు. ఎవరి వంట ఎవరు చేస్తారు, ఎవరి ఇల్లు ఎవరు చూసుకుంటారు, ఊరు మిమ్మల్ని ఏమనుకుంటుంది, అదంతా చూస్తారు."

 హేలీ అడిగింది. "అయితే... మంగళవారం వచ్చి నన్ను పైకి ఎక్కించి, తన ఇంటికి తను పోయినా ఏమీ అనేవాళ్ళు కాదా?"

ఫ్రాన్సిస్ కుర్చీ ముందుకి జరుపుకుంది. "దాని ఒక్కదానికే ఏమీ అనరు. రాత్రిళ్ళు సాయానికి మనిషి కావాలని అడిగే దారులు కూడా ఉన్నాయి. ఎవరూ చెప్పలేదా మీకు?"

"బకెట్ కొనుక్కోమని చెప్పింది మా అక్క."

ఫ్రాన్సిస్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "వినండి. మీకు దారి లేకపోలేదు. ఆయన ఇల్లు వేరు, ఖర్చులు వేరు. వారంలో ఎక్కువ రాత్రులు అక్కడే. రెండు కాపురాలని గట్టిగా చెప్పొచ్చు. వాళ్ళు ఒప్పుకుంటే మీరు తిరిగి కట్టేది ఏమీ ఉండదు, శుక్రవారం సంతకాలు పెట్టుకోవచ్చు. ఒప్పుకోకపోతే తీసుకున్న భృతి మీ మీద అప్పవుతుంది, ఆ సంగతి బ్యాంకుకి చెప్పి తీరాలి. చెప్పాక లోను నిలవదు. అందుకే అడుగుతున్నాను. ఈ మూడేళ్ళలో ఆయన మామూలుకంటే ఎక్కువ రోజులున్న సందర్భం ఏమైనా ఉందా?"

"లేదు," అంది హేలీ.

*

ఆదివారం ప్యాట్ వంటింట్లో ముగ్గురూ కూర్చున్నారు. ప్యాట్ ఆఫీసరు వేషం కట్టింది. మెడలో కొలత టేపు వేసుకుని, చేతిలో గరిట పట్టుకుంది.

"చెప్పండి మిస్టర్. ఆమె ఇంట్లో బాయిలర్ పాడైతే ఎవరు బాగుచేశారు?"

"నేనే," అన్నాడు డరెన్.

గరిట బల్ల మీద పడింది. "తప్పు. ఇంటివాడు చేయించాడు."

"ఇంటివాడా? వాడు బల్బు కూడా మార్చడు."

"మార్చాడు. మహానుభావుడు. తర్వాతి ప్రశ్న. ఆమె మందులు ఎవరు తెస్తారు?"

"నే..." డరెన్ ఆగాడు. "మందుల షాపువాళ్ళు."

"శభాష్. ఆమెకి ఇష్టమైన కూర?"

"తెలీదు."

"మూడేళ్ళు తిరిగి అది కూడా తెలీదా? మరీ అంత ఎద్దులా ఉంటే నమ్మరురా. బఠాణీలు అని చెప్పు."

హేలీకి బఠాణీలు గిట్టవు. ముగ్గురూ నవ్వారు. కానీ ఆట సాగేకొద్దీ నవ్వు తగ్గింది. డరెన్ ఆమె కోసం చేసిన పనులు ఒక్కొక్కటే బల్ల మీదికొచ్చాయి, ఒక్కొక్కదాన్నీ ప్యాట్ గరిటతో కొట్టేసింది. మెట్ల పక్కన బిగించిన కడ్డీ డరెన్ బిగించలేదు. ఆమె తల దువ్వింది డరెన్ కాదు. ఆసుపత్రిలో రాత్రంతా కుర్చీలో కూర్చున్నది ఎవరో బంధువు.

"ఇంక చలికాలం," అంది హేలీ. ఆమె ప్యాట్ వైపు చూడలేదు, డరెన్ వైపే చూసింది. "నువ్వు మామూలుగానే వచ్చావు. మూడు రాత్రులు. సరేనా?"

డరెన్ తల కిందికి దించుకుని ఉన్నాడు. రోజూ చేపల ఐసులో పనిచేసే చేతులు, ఎర్రగా, వేళ్ళ దగ్గర చిట్లిపోయి ఉన్నాయి. వాటినే చూసుకుంటున్నాడు.

"డరెన్. ఇల్లు కావాలా వద్దా?"

"కావాలి."

"అయితే చెప్పు."

"మూడు రాత్రులు," అన్నాడు.

*

బుధవారం. గది చిన్నది, కిటికీ లేదు. కోల్‌మన్ దగ్గుబిళ్ళ చప్పరిస్తున్నాడు, క్షమించండి అన్నాడు, ఎర్ర లైటు వెలిగే యంత్రం ఒకటి బల్ల మధ్యలో పెట్టాడు. హేలీ పక్కన ఫ్రాన్సిస్ కూర్చుంది.

మొదటి ప్రశ్నలన్నీ తేలిక. ప్యాట్ గరిటే వీటికంటే గట్టిగా కొట్టింది. హేలీ తడుముకోలేదు.

"మీరు మెట్లు ఎక్కలేరని మీ ఫైల్లో ఉంది. ఆయన లేని రాత్రులు ఎలా?"

"ఎక్కను. సోఫాలో పడుకుంటాను."

"స్నానాల గది పైన కదా."

"బకెట్ ఉంది."

కోల్‌మన్ రాస్తున్న చెయ్యి ఆగింది. "మూడేళ్ళుగానా?"

"మూడేళ్ళుగా. కావాలంటే వచ్చి చూడండి. సోఫా ఒక పక్క గుంటపడిపోయింది. కాపురం చేస్తున్న ఆడది అలా పడుకుంటుందా, మీరే చెప్పండి."

అతను దగ్గుబిళ్ళని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చాడు. ఆ క్షణంలో అతను నమ్మాడని హేలీకి తెలిసింది. ముప్పై ఆరేళ్ళ జీవితంలో ఆమె ఎప్పుడూ పేకాట ఆడలేదు. అయినా గెలుపు ముక్క చేతిలో పడ్డప్పుడు ఎలా ఉంటుందో అర్థమైంది.

"మామూలుకంటే ఎక్కువ రోజులు ఆయన మీ ఇంట్లో ఉన్న సందర్భం ఏదైనా?"

"లేదు."

"పోయిన చలికాలం మీరు ఆసుపత్రి నుంచి వచ్చాక?"

"లేదు."

బయట వరండాలో డరెన్ పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు వేసుకుని నిలబడ్డాడు. ఆమె దాటిపోతూ కొద్దిగా తల ఊపింది. అంతా బాగుంది, చెడగొట్టకు. అతను లోపలికి వెళ్ళాడు, తలుపు మూసుకుంది.

ఫ్రాన్సిస్ మెషీన్ నుంచి రెండు టీలు తెచ్చింది. "బాగా చెప్పారు," అంది. హేలీ గోడ మీద పోస్టర్లు చదువుతూ కూర్చుంది. కొత్త ఇంటి ముందు గదిలో మంచం ఎటు వేయాలి? కిటికీ వైపు తల పెడితే రైళ్ళ చప్పుడు. గోడ వైపు పెడితే వాకిలి కనిపించదు. గోడ వైపే అనుకుంది. వాకిలి ఎటూ పోదు.

టీ చల్లారకముందే తలుపు తెరుచుకుంది. డరెన్ బయటికొచ్చాడు. అతని వెనక కోల్‌మన్ గుమ్మంలో నిలబడి హేలీ వైపు చూశాడు. కోపంగా కాదు. మెట్ల మీద ఎవరో జారబోతుంటే చూసినట్టు చూశాడు.

*

ఇద్దరూ కారెక్కారు. తలుపులు వేసుకున్నాక హేలీ అడిగింది.

"ఏం చెప్పావు?"

"మనం అనుకున్నవే చెప్పాను. బాయిలర్, మందులు, అన్నీ."

"తర్వాత?"

"బకెట్ గురించి అడిగాడు." డరెన్ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు, కారు స్టార్ట్ చేయలేదు. "ఆమెకి కాళ్ళు ఆడవని తెలిసీ, అలా వదిలేసి మీ అమ్మ ఇంటికి పోతారా అన్నాడు. తిట్టినట్టు కాదు. ఊరికే, తెలుసుకోడానికి అడిగినట్టు."

"అవుననాలి."

"అన్నాను. ఆసుపత్రి నుంచి తెచ్చాక కూడానా అన్నాడు. చెంచా కూడా పట్టుకోలేని రోజుల్లో కూడానా అన్నాడు. అది వాళ్ళ ఫైల్లో ఉందంట." అతను ఎదుటి అద్దంలోంచి బయటికి చూశాడు. "ఆ ముక్క నోట్లోంచి రాలేదు, హేలీ. చెబుదామనే నోరు తెరిచాను. 'నేనక్కడే ఉన్నాను' అని వచ్చింది. ఇంక ఆగలేదు. నీకు అన్నం తినిపించింది, ఒళ్ళు తుడిచింది, పైకి మోసింది, అన్నీ చెప్పాను. మంచు కరిగేదాకా ఒక్క రాత్రి కూడా వదల్లేదని చెప్పాను."

"లేదని నేను అప్పటికే చెప్పాను. రెండుసార్లు. రికార్డులో."

"తెలుసు."

"తెలుసా?"

"మనం అనుకున్నదదే కదా. తెలుసు."

కారు అద్దం మీద ఎవరో వేళ్ళతో తట్టారు. ఫ్రాన్సిస్. హేలీ అద్దం దించింది. కోల్‌మన్ తనతో మాట్లాడాడని చెప్పిందావిడ. నిర్ణయం రావడానికి వారాలు పట్టొచ్చు, కానీ ఆశ పెట్టుకోవద్దు. ఆ చలికాలం నుంచి ఇద్దరినీ ఒకే కాపురంగా చూస్తారు, అప్పట్నుంచీ తీసుకున్నదంతా తిరిగి కట్టాలి. అబద్ధం చెప్పినందుకు కోర్టుకి పంపాలా వద్దా అన్నది వేరేవాళ్ళు తేలుస్తారు.

"బ్యాంకుకి శుక్రవారం లోపల మీరే చెప్పాలి. దాచి సంతకం పెడితే అది ఇంకో నేరం." ఫ్రాన్సిస్ కిటికీ దగ్గరికి వంగింది. "నేనడిగినప్పుడు నాకైనా చెప్పాల్సిందమ్మా. ఒంట్లో బాగాలేనప్పుడు చూసుకోవడం వేరు, కాపురం వేరు. దాన్ని ముందే పెట్టి వాదించేదాన్ని. గెలిచేవాళ్ళమేమో."

ఆవిడ వెళ్ళిపోయింది. హేలీ అద్దం ఎత్తలేదు. రేవు వైపు నుంచి చేపల వాసన, చలిగాలి, రెండూ లోపలికొచ్చాయి.

"ఆడదాన్ని బకెట్ దగ్గర వదిలేసిన మగాడు," అంది చివరికి. "ఆ పేరు ఒక్క పూట మోయలేకపోయావు. ఒక్క పూట. మూడేళ్ళు ఆ బకెట్ నేను మోయలేదూ?"

డరెన్ స్టీరింగ్ మీంచి చేతులు తీసేశాడు. 

"ఫోన్ చెయ్. ఇల్లు అమ్మిపెట్టేవాళ్ళకి. నువ్వే చెయ్."

అతను చేశాడు. అవతల ఆ రోజు ఇల్లు చూపించిన కుర్రదే. హుషారు గొంతు. డరెన్ రెండు ముక్కల్లో చెప్పాడు. లోను కుదరడం లేదు, వదులుకుంటున్నాం.

"అయ్యో, పాపం. పర్లేదండీ, అమ్మేవాళ్ళకి నష్టం లేదు. మీ వెనకాలే ఒకాయన కాచుకుని ఉన్నాడు. కొని అద్దెకి ఇచ్చుకుంటాడట."

ఆ మాట హేలీకి వినిపించింది. ఆమె డరెన్ వైపు తిరగలేదు. "అద్దెకైతే మనకిస్తాడేమో అడుగు."

డరెన్ అడిగాడు.

"అడిగి చూస్తానండీ. కానీ భృతి మీద బతికేవాళ్ళంటే ఆయన ఇష్టపడడు. మీరు...?"

డరెన్ చేత్తో ఫోన్ మూసి ఆమెకి చెప్పాడు.

"ఆపేశారు కదా," అంది హేలీ. "లేదని చెప్పు. ఈసారి అబద్ధం కాదు."

"లేదండీ," అన్నాడు ఫోన్లో.

"మంచిది. అయితే ఇంట్లో ఉండేది ఎవరెవరో చెప్తే రాసుకుంటాను. మీరొక్కరేనా, ఇద్దరూనా?"

డరెన్ హేలీ వైపు చూశాడు. ఆమె ఆఫీసు గేటు అవతల ఐసు లారీ వెనక్కి వెళ్ళడాన్ని చూస్తోంది. అతను చూస్తున్నాడని ఆమెకి తెలుసు. అయినా తల తిప్పలేదు.

"హలో? వినిపిస్తోందా అండీ? ఒక్కరా, ఇద్దరా?"

"మళ్ళీ చేస్తాను," అని డరెన్ ఫోన్ పెట్టేశాడు.